నాయనమ్మ చూసిన రెండు ఇంజనీరింగు సంబంధాలు

మొన్న మా చెల్లెలి కొడుకు వచ్చి కూర్చున్నాడు. ఇంజనీరింగులో సీటు ఖాయమట, ఏ బ్రాంచి తీసుకోవాలో మాత్రం తేలడం లేదట. ఎవరిని అడిగినా జీతాల మాటే చెబుతున్నారట. “మామయ్యా, మీ రోజుల్లో మీరెలా తేల్చుకున్నారు?” అన్నాడు. “మా నాయనమ్మ నన్ను పెళ్ళిచూపులకి తీసుకెళ్ళింది” అన్నాను. వాడు నవ్వాడు. మాట దాటేస్తున్నాననుకుని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. నేను దాటెయ్యలేదు. జీవితమంతా అంకెలతో గడిపినవాణ్ణి, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే నాకు అలవాటు. జరిగింది సరిగ్గా అదే. వాడు వెళ్ళాక కూడా నేను చాలాసేపు అక్కణ్ణించి లేవలేదు. నాంపల్లిలో మేమున్న ఆ రెండు గదులు, వరండాలో నాయనమ్మ పీట, స్టేషను వైపు నుంచి వచ్చే బొగ్గు పొగ వాసన, అన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి.

కొత్త రాష్ట్రం ఏర్పడి ఆఫీసులు కర్నూలు నుంచి హైదరాబాదుకి తరలినప్పుడు మేమూ వాటి వెనకే తరలివచ్చాం. నాన్న పబ్లిక్ వర్క్స్ శాఖ సచివాలయంలో గుమాస్తా. నాంపల్లి స్టేషనుకి దగ్గర్లో, బాలయ్య గారనే ఆయన ఇంట్లో ఒక పోర్షను అద్దెకి తీసుకున్నాం. ఆయన దాన్ని కిరాయి అనేవారు, మేం అద్దె అనేవాళ్ళం, ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకటే కనక పేచీ రాలేదు. నాయనమ్మకి మాత్రం ఊరు ఒక పట్టాన నచ్చలేదు. ఆవిడది కృష్ణా డెల్టాలో కాలవ గట్టున ఉన్న పల్లె. తాతయ్య పొలం చూసుకుంటూ అక్కడే ఉండిపోయారు. ఇక్కడ నీళ్ళు గొట్టంలోంచి, అదీ వేళకి మాత్రమే రావడం ఆవిడకి అవమానంగా ఉండేది. తెల్లవారుజామున కొళాయి దగ్గర బిందె పెట్టి, ధార సన్నబడితే దానితో మాట్లాడేది. “ఏవమ్మా, నిన్న బానే ఉన్నావుగా, ఇవాళేం వచ్చింది?” అనేది. బేగం బజారు నుంచి నాన్న తెచ్చిన ఎండుమిరపకాయల్ని వాసన చూసి, ఇవి రంగుకే గానీ కారానికి పనికిరావని తీర్పు చెప్పి, ఆ కారంతోనే ఆవకాయ పెట్టి, దాన్ని ఊళ్ళో అందరికంటే ముందు బాలయ్య గారింటికి పంపేది.

నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. బళ్ళో చెప్పినవి వేరు, అవి మార్కుల కోసం. అసలు లెక్కలు నేను స్టేషను ప్రహరీ మీద కూర్చుని నేర్చుకున్నాను. గూడ్సు బండి వస్తే పెట్టెల బరువెంతో, ఇంజను దాన్ని ఎంత వేగంతో లాగుతోందో అంచనా కట్టేవాణ్ణి. తప్పో ఒప్పో చెప్పేవాళ్ళు లేరు కనక ఇంకో దారిలో అదే లెక్క చేసి రెండూ కలిస్తే సంతోషించేవాణ్ణి. అబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఒకసారి పుస్తకాల మధ్య ఒక స్లైడ్ రూలు కనిపించింది. అమ్మేవాడికి అదేమిటో తెలీదు, నాకూ తెలీదు. మీద అంకెలున్నాయి, అంతే చాలనుకుని కొన్నాను. దాని మధ్య పట్టీని ముందుకీ వెనక్కీ జరుపుతూ జరుపుతూ, గుణకారం ఎలా చేస్తుందో ఒక వేసవి సెలవుల్లో నాకు నేనే పట్టుకున్నాను. ఆ రోజు అన్నం దగ్గర ఆ సంగతి చెబితే నాన్న చెయ్యి ఆపి ఒక్క క్షణం నా వంక చూశారు. ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనేవారు కాదు.

పీయూసీ ఫలితాలు వచ్చాక ఆ మౌనమే పెద్ద చిక్కయింది. నాకు మంచి మార్కులొచ్చాయి. ఇంజనీరింగు కాలేజీ ఇంటర్వ్యూలో ఏ బ్రాంచి అడిగినా ఇస్తారన్నారు. అడగడం ఒక్కసారే, అడిగాక మార్చుకోవడం ఉండదు. ఆ రోజుల్లో పెద్దవాళ్ళ దృష్టిలో ఇంజనీరంటే సివిల్ ఇంజనీరే. ఆనకట్టలు లేస్తున్నాయి, కాలవలు తవ్వుతున్నారు, జీపులో తిరుగుతూ టోపీ పెట్టుకునే మనిషి ఇంజనీరు. నాన్న బల్ల మీదికి వచ్చే ప్రతి ఫైలు కింద అలాంటి ఒకాయన సంతకం ఉండేది. రెండోది అప్పుడే కొత్తగా వినిపిస్తున్న కమ్యూనికేషన్ బ్రాంచి: టెలిఫోన్లు, రేడియోలు, తీగలు. మా బంధువుల్లో ఎవరికి చెప్పినా “అంటే అబిడ్స్‌లో కొట్టు పెట్టి రేడియోలు బాగుచేస్తాడా?” అనేవారు. నాకు రెండూ కావాలనిపించేది. ఒకటి ఎండలో మట్టితో చేసే పని, ఇంకోటి నీడలో తీగెలతో చేసే పని. వాటి మధ్య ఎక్కడా పోలిక లేదు. పోలిక లేనివాటిని పోల్చాలంటే నాకు తెలిసిన దారి ఒకటే. గుణాలు రాసి, ఒక్కొక్కదానికీ మార్కులు వేసి, కూడేవాణ్ణి. రెండూ సమానంగా వచ్చేవి. మార్కులు కాస్త మార్చి మళ్ళీ కూడేవాణ్ణి. అప్పుడు నేను మార్చిన వైపే మొగ్గేది, అది లెక్క కాదని నాకే తెలిసిపోయేది.

వరండాలో అలా కూడుతూ కూర్చున్న ఒక సాయంత్రం నాయనమ్మ వత్తులు చేసుకుంటూ అడిగింది.

“ఏవిట్రా చంద్రం, మూడు రోజుల్నుంచీ అవే కూడికలు?”

చెప్పాను. ఆవిడ మొత్తం విని, “ఈ రెంటిలో ఒకదానితో నువ్వు జీవితాంతం ఉండాలి, అంతేనా?” అంది.

“అంతే.”

“మధ్యలో నచ్చలేదంటే కుదరదు?”

“కుదరదు నాయనమ్మా.”

“మరి వాళ్ళిల్లు చూశారా ఎవరన్నా?”

“ఎవరిల్లు?”

“ఆ చదువులవాళ్ళ ఇల్లురా! పిల్లని చేసుకునే ముందు ఇల్లూ వాకిలీ చూడమూ? వంటిల్లు చూడమూ? ఆ ఇంటి ఆడవాళ్ళు నవ్వుతున్నారో, ఏడుస్తున్నారో చూడమూ? ఏవీ చూడకుండా కాగితం మీద కూడితే తెలుస్తుందిట్రా?” అని లోపలున్న నాన్నకి కేకేసింది. “ఒరేయ్ రామం! నీకు తెలిసిన ఇంజనీర్లు ఎవరున్నారు? సివిలుది ఒకరు, ఆ తీగలది ఒకరు. సంసారాలుండాలి. మంచి రోజు చూసి వెళ్ళొద్దాం.”

అమ్మ వంటింట్లోంచి నవ్వడం వినిపించింది. నాన్న చదువుతున్న పేపరు దించలేదు. కానీ మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి, “సుబ్రహ్మణ్యం గారని ఉన్నారు, బందరు వైపు వాళ్ళు, ఇల్లు మనకి నాలుగు సందుల అవతలే. వారి భార్య రమ్మన్నారు” అన్నారు. తీగల వైపు సంబంధం బాలయ్య గారు తెచ్చారు. ఆయనకి తెలిసిన నర్సింగ్ రావు గారు టెలిఫోన్ శాఖలో ఇంజనీరు, ఇల్లు అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక. “ఫికర్ చేయకుండ్రి, నేను చెప్పిన అంటే కాదనడు” అన్నారు బాలయ్య గారు.

నాయనమ్మ పంచాంగం చూసి, వర్జ్యం తప్పించి, ముందు సివిలు వారింటికి ప్రయాణం కట్టింది. పట్టుచీర కట్టుకుంది. మోజంజాహీ మార్కెట్టులో బత్తాయిలు, అరటిపళ్ళు, తమలపాకులు కొనిపించింది. నాకు ఇస్త్రీ చొక్కా తొడిగించి, తల దువ్వి, “అక్కడ ఎక్కువ మాట్లాడకు, ఎక్కువ తినకు” అని చెప్పింది.

సుబ్రహ్మణ్యం గారింట్లో కుర్చీ అంటూ కనిపించలేదు. గోడ వారగా రేకు ట్రంకు పెట్టెలు, వాటి మీద దుప్పట్లు. అవే సోఫా, అవే మంచం, పిల్లాడు పుస్తకం పెట్టుకుని చదువుకుంటున్న బల్లా అదే. ఒకటి రెండు పెట్టెలకి కట్టిన తాళ్ళు కూడా విప్పలేదు. ఆయన సైటులో ఉన్నారట. ఆయన భార్య కామేశ్వరమ్మ గారు జీడిపప్పు ఉప్మా ప్లేట్లు తెచ్చి పెట్టారు. మేం వచ్చిన పని నాన్న ముందే చెప్పి ఉండడంవల్ల ఆవిడకి అంతా తెలుసు. ఆ తమాషాకి ఆవిడ కళ్ళు నవ్వుతూనే ఉన్నాయి.

“ఆ తాళ్ళు విప్పుకోలేదేమ్మా?” అంది నాయనమ్మ.

“విప్పితే మళ్ళీ కట్టాలిగా పిన్నిగారూ. మా పెద్దాడు అక్షరాలు ఒక ఊళ్ళో, ఎక్కాలు ఒక ఊళ్ళో నేర్చుకున్నాడు.”

“మీ ఆయన ఇంట్లో ఎన్నాళ్ళుంటారు?”

“ఆయన ఇంటికొస్తే పిల్లలు కొత్తవాళ్ళొచ్చారని నా వెనక నక్కుతారు. అన్నాళ్ళు.”

నాయనమ్మ మొహం ముడుచుకుంది. ఇల్లూ వాకిలీ చూడ్డానికి వచ్చిన మనిషికి ఇక్కడ రెండూ నిలకడగా లేవు. అది గమనించి కామేశ్వరమ్మ గారు పక్కన కూర్చున్నారు. “కష్టం ఉంది, లేదనను. కానీ ఒక్కటి చెప్తాను వినండి. మేం డేరాల్లో ఉన్నప్పుడు కొత్త కాలవలోకి నీళ్ళు వదిలారు. మమ్మల్నందర్నీ గట్టు మీద నిలబెట్టారు. నీళ్ళంటే ఉరుకుతూ వస్తాయనుకున్నాను. కాదు పిన్నిగారూ, పాకుతూ వచ్చాయి. ముందర ఎండుటాకులు, పుల్లలు, దుమ్ము, అన్నిటినీ తోసుకుంటూ, కొత్తకోడలు గడప దాటినంత నెమ్మదిగా. మా ఆయన కాలవలోకి దిగి నీళ్ళకి ఎదురుగా నిలబడి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ నడిచారు. పిల్లలకి నడక నేర్పేటప్పుడు వాళ్ళ ముందు మనం నడుస్తామే, అలాగ. ఆ ఊరివాళ్ళు గట్టు మీద కూర్చుని ఏడ్చారు.”

నాయనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వాళ్ళ పల్లె, ఆ పొలాలు, పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ తిన్న అన్నం, అన్నీ ఒక కాలవ పెట్టినవే. ఆ కాలవకి ముందు నడిచిన మనిషి ఒకడుంటాడని ఆవిడకి అప్పటిదాకా తట్టలేదేమో. లేచి బొట్టు పెట్టించుకుని, పళ్ళు చేతిలో పెట్టి, “ఇంటికెళ్ళి కబురు చేస్తాం అమ్మా” అని పద్ధతి ప్రకారం చెప్పింది. సందు దాటకుండానే, “ఇదే ఖాయం చెయ్యండిరా. ఆ పిల్ల, ఆ మాట, ఆ నీళ్ళు... ఇంకేం చూస్తాం?” అంది. నాన్న మెల్లిగా, “రెండో వాళ్ళకి కూడా వస్తామని చెప్పాం కదమ్మా” అన్నారు. “చెప్పాక వెళ్ళాల్సిందే. కానీ నా మనసు ఇక్కడుంది” అంది. నాకూ ఆ నీళ్ళ ముందు నడవాలనిపించింది. ఉప్మా మొత్తం తిన్నాను.

ఆ వచ్చే ఆదివారం అబిడ్స్ వెళ్ళాం. అదే పట్టుచీర, అవే పళ్ళు, అవే తమలపాకులు. రిక్షా దిగాక పేవ్‌మెంటు పుస్తకాల వైపు నా చూపు తిరగడం చూసి నాయనమ్మ నా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. ఇక్కడే చిన్న పొరపాటు జరిగింది. నర్సింగ్ రావు గారికి బాలయ్య గారు సంగతంతా చెప్పారు. ఆయన మాత్రం ఇంట్లో, “ఆదివారం బాలయ్య ఇంట్ల కిరాయికుండేటోళ్ళు వస్తరు, జర చాయ్ గీయ్ చూడు” అని డ్యూటీకి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో డిగ్రీ చివరి ఏడు చదువుతున్న కూతురుంది. వర్జ్యం దాటగానే గుమ్మంలో పట్టుచీరలో ఒక ముసలావిడ, పక్కన తండ్రి, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడు, చేతుల్లో పళ్ళూ తమలపాకులూ కనిపిస్తే ఏ తల్లయినా ఏమనుకుంటుంది?

“రాండ్రి రాండ్రి, గీడ కూసోండ్రి” అంటూ ఆయన భార్య అనసూయమ్మ గారు మంచి చాప పరిచి, లోపలికి వెళ్ళి ఎవరితోనో గుసగుసలాడి, చీర మార్చుకుని వచ్చారు. నన్ను పైనుంచి కింది దాకా చూసి, “పిలగాడు ఈయననేనా?” అన్నారు.

“వీడేనమ్మా” అంది నాయనమ్మ.

“జర చిన్నగ కనవడ్తున్నడు.”

“ఇంకా పొడుగవుతాడులే. వయసుందిగా. ముందు మీ వంటిల్లు చూడచ్చా అమ్మా?”

వంటిల్లు చూసింది. పెరడు చూసింది. ఆయన రోజూ ఇంటికొస్తారా, వేళకి తింటారా, కోపమొస్తే ఏం చేస్తారు అని ఆరా తీసింది. వియ్యపురాలు వియ్యంకుడి గురించి అన్ని ప్రశ్నలు వెయ్యడం ఆంధ్రా పద్ధతి కాబోలనుకుని అనసూయమ్మ గారు ఓపిగ్గా జవాబులు చెప్పారు. తర్వాత ఆవిడ గోత్రం అడిగారు. మర్యాదకి అడుగుతున్నారనుకుని నాయనమ్మ ప్రవరతో సహా చెప్పింది. నాన్నకి ఏదో అనుమానం వచ్చినట్టుంది, రుమాలు తీసి మెడ తుడుచుకుంటున్నారు. అంతలో లోపలి తలుపు తెరుచుకుని, తల నిండా మల్లెపూలతో, చేతిలో గరిజెల పళ్ళెంతో, అంటే మా కజ్జికాయలే, ఒకమ్మాయి వచ్చింది. నాకంటే మూడేళ్ళయినా పెద్దది. నన్ను చూసింది. పళ్ళెం చాప మీద చప్పుడయ్యేలా పెట్టింది.

“అమ్మా! నీకేమన్న దిమాక్ ఉన్నదా? ఈయనకింకా మీసాలు గూడ రాలే!”

“ఏయ్ విమలా, గట్ల అనద్దు...”

“మీసాలకేముందమ్మా, ఐదేళ్ళలో వచ్చేస్తాయి” అంది నాయనమ్మ నన్ను వెనకేసుకొస్తూ. “చదువు ఐదేళ్ళుట కదా.”

“ఐదేండ్లా!” అన్నారు అనసూయమ్మ గారు గుండె మీద చెయ్యి వేసుకుని. “గప్పటిదాంక పిల్లనెట్ల ఉంచుకుంటమమ్మా?”

“ఏ పిల్లని?” అంది నాయనమ్మ.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడై నర్సింగ్ రావు గారు వచ్చారు. లోపలికి చూసి, ఆ పళ్ళూ, ఆ మల్లెపూలూ, ఆ మొహాలూ చూసి, “గిదేందే?” అన్నారు. భార్య ఒక మాట, కూతురు ఒక మాట, నాన్న ఒక మాట చెప్పారు. ఆయనకి అర్థమయ్యే సరికి నవ్వాగక తలుపు పట్టుకున్నారు. “అరె, వాళ్ళొచ్చింది విమలను చూడనీకి గాదే. నన్ను చూడొచ్చిన్రు! పెండ్లిపిల్లను నేను!” అన్నారు. అనసూయమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ నవ్వు మొదలయ్యాక ఇంక ఎవరి వల్లా కాలేదు. నాన్న కూడా కిందికి చూస్తూ ఊగిపోయారు. నాయనమ్మ ఒక్కతే గంభీరంగా, “నాకేం తెలుసమ్మా. పిల్ల బంగారంలా ఉంది, మావాడికి వయసుంటే అదీ అడిగేదాన్ని” అంది.

నర్సింగ్ రావు గారు కళ్ళు తుడుచుకుని, “మరి పిల్ల ఒక్కతి బాగుంటె చాల్దు గద, ఇల్లు చూడాలె. అసలు నేనుండే ఇల్లు ఇది గాదు, రాండ్రి చూపిస్త” అని అందర్నీ బయలుదేరదీశారు. అలా మేం టెలిఫోన్ ఎక్స్ఛేంజి చూశాం. విమల కూడా వచ్చింది. దారిలో నాతో మెల్లిగా, “నీకు రెండు చూపిస్తున్రు. నాకు ఒక్కటన్న చూపియ్యలె. లెక్కల్ల నాకు నీకంటె ఎక్కువనే వస్తయి, తెలుసా?” అంది. నేను నమ్మి తలూపాను. తర్వాత ఆమె ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పిందని విన్నాను. ఆమె అన్న ఆ మాట మాత్రం ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు.

గుమ్మం దగ్గర చెప్పులు విప్పించారు, లోపలికి దుమ్ము రాకూడదని. “గుళ్ళోలా ఉందే” అని నాయనమ్మ తృప్తిపడింది. తలుపు తియ్యగానే చప్పుడు. వందల గడియారాలు ఒక్కోటీ ఒక్కో వేగంతో కొట్టుకుంటున్నట్టు. నిలువెత్తు ఇనుప చట్రాలు, వాటి నిండా వరసలు వరసలుగా సన్నటి కడ్డీలు. నర్సింగ్ రావు గారు ఒక కడ్డీ చూపించారు. “ఊళ్ళె ఎవరో ఫోనెత్తి నాలుగు తిప్పిన్రనుకో. ఇది నాలుగు మెట్లెక్కుతది. ఎక్కి, పక్కకి తిరిగి, ఖాళీగున్న తీగె దొరకబట్టుకుంటది. మల్ల రెండు తిప్పితె, ముందటిది ఇంకోటి రెండెక్కుతది. గట్ల చివరిదాంక.”

నేను చూస్తూ ఉండిపోయాను. అంతవరకూ నాకు అంకె అంటే కాగితం మీద గీత. అది ఏ బరువునో, ఏ దూరాన్నో చూపించేది, తను మాత్రం కదిలేది కాదు. ఇక్కడ ఆరు అంటే ఆరు మెట్లు. సున్నా అంటే పై దాకా ఒక్క పరుగు. నగరంలో ఎక్కడో ఎవరో వేలు తిప్పితే, ఆ అంకె ఈ గదిలోకి వచ్చి తన కాళ్ళతో తనే నడుస్తోంది. నాకు తెలీకుండానే కడ్డీల వెంట కదులుతూ, “ఐదు... మూడు... ఎనిమిది...” అని పైకి చదవడం మొదలుపెట్టాను. ఒకటి తప్పు పడి మధ్యలో ఆగిపోతే, దాని ముందు నిలబడి అదెందుకు ఆగిందని అడిగాను. చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాను. “ఔ రా!” అన్నారు నర్సింగ్ రావు గారు. ఆ పక్కన నాయనమ్మ, “ఇంతమంది మాటలు మోస్తోంది కదా, ఎవరేం మాట్లాడుకున్నారో దీనికి తెలుస్తుందా?” అని అడగడం, “తెల్వదమ్మా” అని ఆయన అనడం, “అదృష్టవంతురాలు” అని ఆవిడ నిట్టూర్చడం వినిపించాయి. అక్కణ్ణించి నన్ను పిలవాల్సి వచ్చింది, మూడుసార్లో నాలుగుసార్లో.

ఇంటికొచ్చాం. సాయంత్రం నాయనమ్మ పీట మీద కూర్చుని నన్ను పిలిచి, “మొదటి ఇంట్లో ఉప్మా ఎలా ఉంది?” అంది. “బాగుంది.” “రెండో ఇంట్లో గరిజెలు?” నేను గుర్తు తెచ్చుకోబోయాను. తిన్నానో లేదో కూడా తెలీలేదు. ఆవిడ నాన్న వైపు తిరిగింది. “చూశావుట్రా? మీ నాన్న నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మా అమ్మ చేసిన సున్నుండలు ముట్టుకోలేదుట. ఆ సాయంత్రమే మా అమ్మ అందరికీ ఖాయమని చెప్పేసింది.”

“మరి నీకు మొదటిది కదమ్మా నచ్చింది?” అన్నారు నాన్న.

“ఇప్పటికీ అదే నచ్చింది. కాపురం చేసేది నేను కాదుగా” అంది. నాన్న నా వైపు తిరిగి, “నా కుర్చీలోంచి చూస్తే సంతకం పెట్టే మనిషే కనిపిస్తాడురా. అందుకని సివిలు అనుకున్నాను. ఆ గదిలో నిన్ను చూశాక నేను చెప్పేది ఏమీ లేదు” అన్నారు. నాన్న నాతో అన్ని మాటలు వరసగా మాట్లాడడం అదే మొదలు.

అయితే నాయనమ్మ అక్కడితో వదల్లేదు. “ఒకరింట ఖాయం చేసుకుని ఇంకొకరికి కబురు చెయ్యకుండా ఊరుకోవడం మర్యాద కాదు. రేపు నీ ఇంటర్వ్యూ. ఇవాళే వెళ్ళి సివిలు వాళ్ళకి చెప్పిరా. మేమెవరం రాం. వద్దనేది నువ్వు కనక నువ్వే చెప్పాలి” అంది. నాలుగు సందులు నడవడానికి నాకు అంతసేపు ఎన్నడూ పట్టలేదు. అప్పటికి ఇంకా ఏదీ అయిపోలేదు కదా, ఇక్కడ మాట మార్చుకున్నా ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతే కాళ్ళకి అడ్డం పడుతోంది.

సుబ్రహ్మణ్యం గారు ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు. పగిలిన మడమలు వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకుని ట్రంకు మీద కూర్చున్నారు. ఎండకి నల్లబడిన మొహం, కనుబొమ్మల్లో ఇంకా దుమ్ము. నేను పళ్ళు కింద పెట్టి, నేర్చుకొచ్చిన వాక్యం అప్పజెప్పాను. “మా వాళ్ళు మిమ్మల్ని ఎంతో గౌరవిస్తున్నారండీ. కానీ ఈ సంబంధం కుదరలేదని చెప్పమన్నారు.”

కామేశ్వరమ్మ గారు వంటింటి గుమ్మంలో ఫక్కున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. “నేను ఊళ్ళో లేనప్పుడు చూసి, నన్ను చూడకుండానే కాదంటే ఎలాగోయ్? రేపు జీపులో సైటుకి వెళ్తున్నాను. నాతో రా. వారం ఉండి అప్పుడు చెప్పు.”

“రేపే ఇంటర్వ్యూ అండీ.”

“అయితే ఇప్పుడు చెప్పు. నాలో ఏం తక్కువ?”

నా దగ్గర నేర్చుకొచ్చిన వాక్యాలు అయిపోయాయి. ఆయన పాదాలు, ఆ నీళ్ళ ముందు వెనక్కి నడిచిన పాదాలు, అవే నాకు కనిపిస్తున్నాయి. ఔనంటే జీపు, కాదంటే రేపటి ఇంటర్వ్యూ బల్ల. “తక్కువేం లేదండీ” అన్నాను. “కూడితే ఎప్పుడూ సమానంగానే వచ్చింది. మీరు నీళ్ళ ముందు నడిచారని విన్నప్పుడు నాకు చూడాలనిపించింది. అక్కడ ఒక కడ్డీ ఆగిపోతే, చూడాలని కాదు, చెయ్యి పెట్టాలనిపించింది.”

నా నోటి నుంచి ఆ మాట వచ్చాకే అది నిజమని నాకు తెలిసింది. ఆయన బకెట్‌లోంచి ఒక కాలు తీసి, చూసుకుని, మళ్ళీ పెట్టారు. “చెయ్యి పెట్టాలనిపిస్తే అదేనోయ్. అదే చేసుకో” అన్నారు. కామేశ్వరమ్మ గారు నా అరచేతిలో బెల్లం ముక్క పెట్టి, “కుదరకపోయినా నోరు తీపి చేసుకునే వెళ్ళాలి. మీ నాయనమ్మ ఏమంది?” అన్నారు. “మిమ్మల్ని పోగొట్టుకున్నానని దిగులు పడుతోందండీ” అన్నాను. ఆవిడ నవ్వు వీధి దాకా వినిపించింది.

ఇప్పుడు లెక్క చూసుకుంటే సివిలు వారే గెలిచారు. ఆ కాలవల్లో నీళ్ళు ఇంకా పారుతున్నాయి. నేను కొలువు చేసిన ఇనుప చట్రాల్ని నా కళ్ళ ముందే విప్పి లారీలకెత్తారు. అంత గది చేసే పనిని ఇప్పుడు ఒక బీరువాంత పెట్టె చేస్తుంది, చప్పుడు కూడా చెయ్యదు. విప్పిన రోజున ఆ నిశ్శబ్దంలో నాకు చెవులు గింగురుమన్నాయి. అయినా నేను దిగులుపడలేదు, నా చేతికి కావలసినంత పని దొరికింది. ఇప్పటి పిల్లలకి మాకంటే వంద రెట్లు సమాచారం ఉంది. బ్రాంచిల పేర్లు, జీతాలు, కంపెనీలు, అన్నీ వేలి కొసన ఉంటాయి. ఏ ఇంటికీ వెళ్ళనక్కర్లేదు. ఎంచుకోని దాని ఎదురుగా వెళ్ళి నిలబడి, నువ్వు నాకు వద్దు అని, ఎందుకు వద్దో చెప్పే అగత్యం మాత్రం వాళ్ళకి లేకుండా పోయింది. నాకు ఆ అగత్యమే తేల్చిపెట్టింది.

ఇంటర్వ్యూ గదిలో పొడవాటి బల్ల, దాని వెనక ముగ్గురు ప్రొఫెసర్లు. నాన్న నా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. మధ్యలో కూర్చున్న పెద్దాయన నా మార్కులు చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. “కమ్యూనికేషన్ అని రాశావేమయ్యా? ఈ మార్కులకి సివిల్ వస్తుంది. బయట ఎంతమంది దానికోసం నిలబడ్డారో చూశావుగా. మార్చమంటావా?”

“కుదరదండీ” అన్నాను. “సివిలు వారింటికి నిన్ననే వెళ్ళి చెప్పొచ్చేశాను.”

“ఎవరింటికి?”

నా వెనక నాన్న నవ్వు మొదలైంది. ఆపుకోబోయారు, దగ్గు నటించారు, రుమాలు అడ్డం పెట్టుకున్నారు. లాభం లేకపోయింది. ఎన్నో ఏళ్ళు పెద్దవాళ్ళ బల్లల ముందు తలొంచుకుని నిలబడిన మనిషి, ఆ బల్ల ముందు, ఆ ముగ్గురూ కలాలు పట్టుకుని బిత్తరపోయి చూస్తుండగా, గోడకి చేరగిలబడి పగలబడి నవ్వారు.